రేడియో వినడానికీ లైసెన్సే, మాట్లాడడానికీ లైసెన్సే: మన ఉత్తరాంధ్ర హామ్ ముచ్చట్లు

మీ తాతగారింట్లో పాత ట్రంకు పెట్టె ఏదైనా ఉంటే ఈసారి వెళ్ళినప్పుడు అడుగు దాకా వెతకండి. పొలం పట్టాలు, పెళ్ళి శుభలేఖలు, ఎవరివో తెలియని బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు, వాటి మధ్యలో పాస్‌బుక్ సైజులో ఒక చిన్న పుస్తకం దొరకొచ్చు. లోపల ఏడాదికొకటి చొప్పున పోస్టాఫీసు స్టాంపులు, ముద్రలు ఉంటాయి. అది బ్యాంకు పుస్తకం కాదు, రేడియో లైసెన్స్.

అవును, రేడియో వినడానికే లైసెన్స్. మర్ఫీయో ఫిలిప్సో కొనుక్కుని, విజయవాడ స్టేషన్‌లో నాటకం వినాలంటే ఏడాదికోసారి పోస్టాఫీసుకెళ్ళి డబ్బు కట్టి ముద్ర వేయించుకోవాలి. ఒక దశలో అది ఏడాదికి 15 రూపాయలు. కట్టకపోతే చట్టప్రకారం మీ తాతగారు నేరస్తుడే! 1980ల మధ్యలో ఎత్తేసేదాకా ఈ పద్ధతి నడిచింది. దీనికి మూలం 1933లో బ్రిటిష్ వాళ్ళు తెచ్చిన ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం. లైసెన్స్ లేకుండా వైర్‌లెస్ పరికరం ఇంట్లో ఉంచుకోవడమే తప్పు అని చెప్పిందది. వాడారా లేదా అన్నది తర్వాతి సంగతి.

వినడానికే ఇంత తతంగం ఉన్న దేశంలో, కొంతమంది "మాకు వినడం చాలదు, మేం మాట్లాడతాం, ట్రాన్స్‌మిటర్ మేమే తయారుచేసుకుంటాం" అని బయల్దేరారు. వాళ్ళే హామ్స్. అమెచ్యూర్ రేడియో ఆపరేటర్లు. ఈ ఎపిసోడ్ వాళ్ళ గురించే. ముఖ్యంగా శ్రీకాకుళం, విజయనగరం లాంటి చోట ఈ పిచ్చి పట్టిన మనిషి ఏం పాట్లు పడేవాడో, దానివల్ల ఎవరికి ఏం ఒరిగిందో మాట్లాడుకుందాం.

ముందు చరిత్ర కొంచెం, త్వరగా చెప్పేస్తా. మన దేశంలో మొదటి హామ్ అని చెప్పుకునేది కలకత్తాకి చెందిన అమరేంద్ర చంద్ర గుప్తు గారిని. 1921లో, కాల్‌సైన్ 2జేకే. 1929 నుంచి మన కాల్‌సైన్లన్నీ వీయూ అనే అక్షరాలతో మొదలవడం వచ్చింది. కాల్‌సైన్ అంటే యూజర్‌నేమ్ అనుకోండి, కాకపోతే ప్రపంచం మొత్తం మీద ఒక్కరికే ఉంటుంది, ప్రభుత్వం ఇస్తుంది, వెనక నాలుగు అంకెలు తగిలించి ఇంకోటి తీసుకోవడం కుదరదు. 1939లో రెండో ప్రపంచయుద్ధం రాగానే లైసెన్సులు ఆపేశారు, ట్రాన్స్‌మిటర్లు తెచ్చి అప్పగించమన్నారు. ప్రభుత్వం భయం ఊరికే పోలేదు. 1942 ఆగస్టులో, క్విట్ ఇండియా రోజుల్లో, ఉషా మెహతా బృందం బొంబాయిలో రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపింది. నవంబర్‌లో పట్టుబడ్డారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 మే 15న మధ్యప్రదేశ్‌లోని మౌలో, ఆర్మీ సిగ్నల్స్ స్కూల్లో, అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా పుట్టింది. చరిత్ర పాఠం ఇంతే. ఇక అసలు మజాలోకి వెళ్దాం.

యుద్ధం అయిపోయింది కదా, మిలటరీ దగ్గర గుట్టలు గుట్టలుగా రేడియో సామాను మిగిలిపోయింది. విమానాల్లోంచి పీకినవి, ట్యాంకుల్లోంచి పీకినవి. వీటిని వేలం వేశారు. పాతవాళ్ళు దీన్ని "డిస్పోజల్స్ సామాను" అంటారు. బీసీ-348 అని అమెరికన్ బాంబర్ విమానాల్లో వాడిన రిసీవర్ ఒకటుంది, నల్లటి ఇనపపెట్టె, ముందు పెద్ద డయల్. దాని పేరు చెబితే ఇప్పటికీ పాత హామ్స్ కళ్ళు మెరుస్తాయి. మనకి సూపర్ బైక్ పేరు చెప్పినట్టన్నమాట. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులేశాయని మన జిల్లాల్లో పెద్దలు కథలు కథలుగా చెబుతుంటారు. ఆ యుద్ధంలో వాడిన యంత్రాలే నాలుగైదేళ్ళకి తూకానికి అమ్ముడుపోయి, తర్వాత పాతికేళ్ళ పాటు దేశమంతా హామ్స్ ఇళ్ళలో మోగుతూ ఉండిపోయాయి.

ఈ ఎపిసోడ్ కోసం విజయనగరంలో ఒక మాస్టారి దగ్గర కూర్చున్నాను. రిటైర్డ్ సైన్స్ టీచర్. పేరు చెప్పొద్దన్నారు, చెప్పను. ఆయన మాటల్లో సామాను వేట ఎలా ఉండేదంటే, ఇక్కడ రేడియో రిపేరు షాపుల్లో దొరికేవి మామూలు వాల్వులు, కండెన్సర్లు మాత్రమే. ట్రాన్స్‌మిటర్‌కి కావాల్సిన 807 వాల్వు, క్రిస్టల్, మంచి గ్యాంగ్ కండెన్సర్ కావాలంటే రాత్రి మెయిలు ఎక్కి మద్రాసు పోవాలి. మూర్ మార్కెట్లో పాత సామాన్ల మధ్య, రిచీ స్ట్రీట్‌లో కొట్టు కొట్టూ తిరిగి వెతుక్కోవాలి. "నెల జీతంలో సగం సంచిలో వేసుకుని వచ్చేవాణ్ణి బాబూ. మా ఇంటావిడ ఆ సంచిలో చీరుందేమో అని చూసేది" అన్నారు. ఆవిడ పక్కనే ఉన్నారు, నవ్వలేదు.

ఈ 807 అనేది గాజు వాల్వు, పైన చిన్న టోపీలాంటి టెర్మినల్ ఉంటుంది. దానికి ఐదారు వందల వోల్టులు ఇవ్వాలి. మన ఫోన్ ఛార్జర్ ఐదు వోల్టుల దగ్గర మొదలవుతుంది, పోల్చుకోండి. ముట్టుకుంటే మనిషి మిగలడు. అందుకే పాత హామ్స్ అందరికీ ఒక అలవాటు ఉండేది: పెట్టె తెరిచినప్పుడు ఒక చెయ్యి జేబులో పెట్టుకుని రెండో చేత్తోనే పని చేయడం. కరెంటు ఒక చేతిలోంచి ఎక్కి గుండె మీదుగా రెండో చేతిలోకి దిగకుండా! స్విచ్ వేశాక వాల్వు వేడెక్కే దాకా ఆగాలి. ఎర్రగా వెలుగు వస్తుంది, దుమ్ము కాలిన వాసన వస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ జుమ్మని శబ్దం చేస్తుంది. అప్పటికి రెడీ. పైగా ఊళ్ళల్లో సాయంత్రం వోల్టేజీ ఎంత ఉండేదో మీకు తెలుసు. బల్బు బెల్లం రంగులో వెలిగే టైముకి ట్రాన్స్‌మిటర్ కూడా డీలా పడేది.

క్రిస్టల్ సంగతి ఇంకా బావుంటుంది. ఇప్పుడు మనం ఫ్రీక్వెన్సీ మార్చాలంటే నాబ్ తిప్పుతాం. అప్పట్లో ఒక క్వార్ట్జ్ క్రిస్టల్‌కి ఒకటే ఫ్రీక్వెన్సీ. డిస్పోజల్స్‌లో దొరికిన క్రిస్టల్ మిలటరీ ఫ్రీక్వెన్సీది అయితే ఏం చేసేవాళ్ళో తెలుసా? డబ్బా విప్పి, ఆ పలక తీసి, అద్దం ముక్క మీద టూత్‌పేస్టో సన్నటి రాపిడి పొడో వేసి మెల్లగా అరగదీసేవాళ్ళు. పలక పలచబడేకొద్దీ ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. ఎక్కువ అరిగిపోతే? పెన్సిలు గీతలు గీసి బరువు పెంచితే కొంచెం దిగుతుంది. నేను ఇంజినీరింగ్‌లో క్రిస్టల్ ఆసిలేటర్ చదివాను, ఆన్సర్ షీట్లో బొమ్మ గీశాను, మార్కులూ వచ్చాయి. టూత్‌పేస్టు మాట మాత్రం ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఏరియల్. 7 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడాలంటే సుమారు 66 అడుగుల రాగి తీగ కావాలి, మధ్యలో కోసి అటు 33, ఇటు 33. మన దగ్గర తాటిచెట్లకి, కొబ్బరిచెట్లకి కొదవ లేదు కాబట్టి స్తంభాల ఖర్చు లేదు. సముద్రపు గాలికి ఆ తీగ ఏడాదిలోపే పచ్చగా చిలుం పట్టేది, కీళ్ళ దగ్గర తెగిపోయేది. తీగ చూసి ఊరివాళ్ళు అడిగేవారట, "మాస్టారూ, ఆ తీగేటండీ, పిడుగుల్ని పట్టుకోడానికా?" అని. టీవీలు వచ్చాక ఇంకో తంటా. ఈయన కీ నొక్కితే పక్కింటి దూరదర్శన్‌లో గీతలు. "శుక్రవారం చిత్రలహరి టైములో కీ ముట్టుకునేవాణ్ణి కాదు బాబూ, ఊళ్ళో ఉండాలి కదా" అన్నారు.

కీ అంటే మోర్స్ కీ. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఈ భాగం నాకు భలే నచ్చింది.

మోర్స్ అంటే చుక్కలు, గీతలు. చుక్క ఒక మాత్ర అయితే గీత మూడు మాత్రలు. ఇది పరాయి విద్య అనుకుంటాం కానీ, టెన్త్‌లో తెలుగు చదివిన ప్రతివాడికీ దీని సగం వచ్చు. లఘువు, గురువు. గణాలు. "యమాతారాజభానసలగం" బట్టీ పట్టాం కదా, పరీక్ష అయ్యాక దేనికి పనికొస్తుందో తెలీక వదిలేశాం. ఇప్పుడు లఘువుని చుక్క అనుకోండి, గురువుని గీత అనుకోండి. మూడక్షరాల గణాలు ఎనిమిది. మోర్స్‌లో మూడు సంకేతాలతో ఉన్న ఇంగ్లీషు అక్షరాలూ సరిగ్గా ఎనిమిదే. న గణం మూడు లఘువులు, అది ఎస్. మ గణం మూడు గురువులు, అది ఓ. ర గణం, గురువు లఘువు గురువు, అది కే. హామ్స్ భాషలో కే అంటే "నా మాట అయింది, ఇక మీరు చెప్పండి" అని. స గణం యూ, య గణం డబ్ల్యూ, భ గణం డీ, త గణం జీ, జ గణం ఆర్. అయిపోయింది, ఎనిమిది అక్షరాలు వచ్చేశాయి మీకు.

ఇప్పుడు ఓడ మునిగిపోతున్నప్పుడు పంపే ఎస్ఓఎస్ ఏమవుతుంది? న గణం, మ గణం, న గణం. న-మ-న! మాస్టారు పిల్లలకి ఇలాగే నేర్పేవారట. క్లాసులో పద్యం గణవిభజన చేయిస్తూ బల్ల మీద వేలితో కొట్టి చూపించేవారట. అలా నేర్చుకున్నవాళ్ళలో లైసెన్స్ తీసుకున్నది ఒకరిద్దరే, ఛందస్సులో మార్కులు మాత్రం అందరికీ వచ్చాయన్నారు.

ఇక లైసెన్స్. 1978 నాటి అమెచ్యూర్ సర్వీస్ రూల్స్ ప్రకారం మెట్లుండేవి. గ్రేడ్ టూ వాళ్ళకి నిమిషానికి 5 మాటల వేగంతో మోర్స్ రావాలి, 50 వాట్ల దాకా పవర్ వాడొచ్చు. గ్రేడ్ వన్‌కీ అడ్వాన్స్‌డ్‌కీ నిమిషానికి 12 మాటలు. మాట అంటే ఐదక్షరాల లెక్క. పవర్ 150 వాట్లు, 400 వాట్లు. వీయూ తర్వాత 3 ఉంటే కింది మెట్టు, 2 ఉంటే పై మెట్టు. అంటే కాల్‌సైన్ వినగానే అవతలి మనిషి స్థాయి తెలిసిపోయేది. పరీక్షలో రేడియో సిద్ధాంతం ఉంటుంది, చట్టం ఉంటుంది, మోర్స్ వినడం, పంపడం ఉంటాయి. పాసైతే సంబరమే, కానీ అప్పుడే అసలు కథ మొదలు.

ఢిల్లీలో వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం లైసెన్స్ ఇవ్వాలి. దానికి ముందు హోం శాఖ తరపున విచారణ. అంటే మన ఊరికి ఒక కానిస్టేబుల్ వస్తాడు. సాదా బట్టల్లో సైకిలు మీద వచ్చి కిళ్ళీకొట్టు దగ్గర అడుగుతాడు, "ఆ మాస్టారు ఎలాంటివారు?" అని. ఇక చూస్కోండి. మాస్టారి మీద పోలీసు కేసుందట అని సాయంత్రానికల్లా ఊరంతా పాకిపోతుంది. ఈయన విషయంలో ఆ కాగితం ఏ బల్ల మీద కూర్చుందో తెలీదు, రెండేళ్ళు దాటింది. ఈలోగా ట్రాన్స్‌మిటర్ తయారుచేసి పెట్టుకున్నారు. కానీ ఆన్ చేస్తే నేరం. రోజూ గుడ్డతో తుడిచి మళ్ళీ కప్పేవారట. రిసీవర్‌లో మాత్రం వింటూ కూర్చునేవారు. జపాన్ వాళ్ళు పిలుస్తున్నారు, రష్యా వాళ్ళు పిలుస్తున్నారు, ఈయన జవాబు చెప్పకూడదు. రెండేళ్ళు వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లన్నీ చదువుతూ, టైప్ చేసే హక్కు లేకుండా ఉండడం ఊహించుకోండి.

నా అభిప్రాయం అడిగితే, ఆ జాగ్రత్త పూర్తిగా తప్పని అనను. సరిహద్దులు, యుద్ధాలు ఉన్న కాలం. కానీ ఒకటి చూడండి, హామ్ రేడియోలో రహస్యం అనేదే ఉండకూడదు. సంకేత భాషలో, ఎన్‌క్రిప్షన్‌తో మాట్లాడడం నిషేధం. ప్రతి సంభాషణా తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ, అవతలివాళ్ళ కాల్‌సైన్‌తో సహా లాగ్‌బుక్కులో రాయాలి. వ్యాపారం మాట్లాడకూడదు, పాటలు వేయకూడదు. ఎవరైనా వినొచ్చు. గూఢచారి అనేవాడు ఇలాంటి చోటికి లైసెన్స్ కోసం అప్లికేషన్ పెట్టుకుని మరీ వస్తాడా?

ఆ లాగ్‌బుక్కులు ఆయన దగ్గర ఇంకా ఉన్నాయి. వాటితోపాటు క్యూఎస్‌ఎల్ కార్డులు. రేడియోలో కలిసినవాళ్ళు "అవును, ఫలానా రోజు మీ గొంతు నాకు వినపడింది" అని పోస్టులో పంపే కార్డు. మన స్క్రీన్‌షాట్ ప్రూఫ్ లాంటిది, కాకపోతే మూడు నెలలకి వస్తుంది. నాకు ఆ కార్డుల మీద స్టాంపులకన్నా వెనక చేతిరాత నచ్చింది. వాతావరణం, వాడిన వాల్వులు, ఏరియల్ ఎత్తు, చివర్లో 73 అని ఉంటుంది. 73 అంటే "శుభాకాంక్షలు, ఉంటాను" అని టెలిగ్రాఫ్ కాలం నాటి గుర్తు.

1980ల్లో పరిస్థితి మారింది. 1983లో హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వచ్చింది, సూరి గారు, వీయూ2ఎంవై, దాని స్థాపకులు. మరుసటి ఏడాది వైర్‌లెస్ సామాను మీద దిగుమతి సుంకం తీసేశారు. రాజీవ్ గాంధీ స్వయంగా హామ్, వీయూ2ఆర్‌జీ. సోనియా గాంధీకీ కాల్‌సైన్ ఉంది, వీయూ2ఎస్‌ఓఎన్. జపాన్ రెడీమేడ్ సెట్లు రావడం మొదలైంది. డబ్బున్న పట్నంవాళ్ళు అవి కొన్నారు. మన జిల్లాల్లో మాత్రం వాల్వుల పెట్టెలే చాలాకాలం నడిచాయి.

ఇదంతా సరదా వ్యాపకం కదా, దీనికోసం అరగంట వీడియో ఎందుకు అనుకుంటున్నారా? 2004 డిసెంబర్‌కి వెళ్దాం.

అండమాన్‌కీ మన సిక్కోలుకీ ఉన్న సంబంధం బయటివాళ్ళకి అంతగా తెలీదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరం ఊళ్ళ నుంచి తరాలుగా చేపల వేటకీ, కూలి పనులకీ, తర్వాత ఉద్యోగాలకీ, వ్యాపారాలకీ పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళినవాళ్ళున్నారు. విశాఖ నుంచి నేరుగా ఓడ ఉంది. 2011 జనాభా లెక్కల్లో అక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగు. మా మేనమామ అండమాన్‌లో, మా పిన్ని అండమాన్‌లో అనే ఇళ్ళు మన దగ్గర ఎన్నో.

అండమాన్‌లో హామ్ రేడియోకి దాదాపు 17 ఏళ్ళుగా అనుమతి లేదు. 1987 తర్వాత మొదటిసారి, 2004లో, భారతి ప్రసాద్ గారు, వీయూ2ఆర్‌బీఐ, ఎన్నో ఏళ్ళు ఢిల్లీ చుట్టూ తిరిగి అనుమతి తెచ్చుకున్నారు. హైదరాబాద్ ఇన్‌స్టిట్యూట్ బృందంతో పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక హోటల్ మీద ఏరియల్స్ కట్టి, వీయూ4ఆర్‌బీఐ అనే కాల్‌సైన్‌తో డిసెంబర్ మొదట్లో ప్రసారం మొదలుపెట్టారు. అరుదైన చోటు కాబట్టి ప్రపంచమంతా క్యూ కట్టింది. కొన్ని వారాల్లో వేలకొద్దీ సంభాషణలు. ఇది హామ్స్‌కి పండగ. అంతే, ఇంకేం లేదు.

డిసెంబర్ 26, ఆదివారం. పొద్దున్న ఆరున్నరకి నిమిషం తక్కువ. ఆవిడ అప్పటికే మైకు ముందున్నారు. భూమి ఊగింది. "ట్రెమర్స్!" అని ఒక్క మాట గాల్లోకి వెళ్ళింది, ఆ తర్వాత నిశ్శబ్దం. అవతల వింటున్నవాళ్ళకి ఆ మాటే ఆఖరుగా వినపడింది. తర్వాత సునామీ. ద్వీపాల్లో కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. కార్ నికోబార్‌తో అయితే మాటా మంతీ లేవు.

కొన్ని గంటల్లో భారతి గారి బృందం సెట్ బయటికి తెచ్చి, ఏరియల్ కట్టి, మళ్ళీ గాల్లోకి వచ్చింది. ఈసారి పండగ కాదు. వాళ్ళు అడిగిన మొదటి సాయం, దయచేసి ఈ ఫ్రీక్వెన్సీ ఖాళీ చేయండి అని. పోర్ట్‌బ్లెయిర్ నుంచి మెయిన్‌లాండ్‌లో హామ్స్‌కి కబుర్లు: ఫలానావాళ్ళు క్షేమం, ఫలానావాళ్ళ ఇంటికి ఫోన్ చేసి చెప్పండి. బృందంలో కొందరు కార్ నికోబార్ వెళ్ళి అక్కడ ఇంకో స్టేషన్ పెట్టారు. ఇటు కూర్చున్న హామ్ ఒక కాగితం మీద పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసుకుని, ఎస్‌టీడీ చేసి, ఎవరో తెలియని ఇంటికి చెప్పాలి, "అమ్మా, మీ అబ్బాయి బతికే ఉన్నాడు" అని. ఆ రోజుల్లో తీరం ఊళ్ళల్లో ఎస్‌టీడీ బూత్ చుట్టూ జనం ఎలా నిలబడి ఉంటారో మీకు చెప్పక్కర్లేదు.

సరిగ్గా ఆ వారం వాళ్ళు అక్కడ ఉండడం యాదృచ్ఛికం. కానీ సెట్ పెట్టుకుని ఉండడం, చేతికి అలవాటై ఉండడం, ఎవరు ఏ ఫ్రీక్వెన్సీలో వింటారో తెలిసి ఉండడం యాదృచ్ఛికం కాదు. 17 ఏళ్ళ నిషేధం ఇంకో నెల సాగి ఉంటే ఆ స్టేషన్ ఉండేదే కాదు. సరదాకి ఇచ్చిన పర్మిషనే ఆ వారం పనికొచ్చింది.

మన గుమ్మంలోకి వస్తే, మనకి తుఫాన్లు కొత్త కాదు. దేశంలో మొట్టమొదటి తుఫాను రాడార్ 1970లో విశాఖలోనే పెట్టారు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్, సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు ఎలా పడుకున్నాయో చూసినవాళ్ళు మర్చిపోరు. హుద్‌హుద్ అప్పుడు విశాఖలో ఫోన్లన్నీ మూగబోతే హైదరాబాద్ నుంచి హామ్స్ సెట్లు పట్టుకొచ్చి అధికారులకి మాట కలిపారు.

ఫోన్ ఎందుకు మూగబోతుంది? నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి మన భాషలో చెప్తా. మీ ఫోన్ నేరుగా మీ అమ్మ ఫోన్‌తో మాట్లాడదు. ముందు టవర్‌తో మాట్లాడుతుంది. టవర్‌కి కరెంటు కావాలి. కరెంటు పోతే బ్యాటరీ కొన్ని గంటలు, తర్వాత జనరేటర్, దానికి డీజిల్, డీజిల్ తెచ్చే లారీకి రోడ్డు, రోడ్డు మీద చెట్టు పడి ఉంది. ఒకవేళ టవర్ బతికున్నా, దాని వెనక ఫైబర్ కేబుల్ తెగితే అంతే సంగతులు. ఇన్ని మెట్లలో ఏది విరిగినా మీకు కనపడేది ఒకటే, "నో సర్వీస్". హామ్ సెట్‌కి ఇవేవీ అక్కర్లేదు. ఒక 12 వోల్టుల కారు బ్యాటరీ, ఒక సెట్, 66 అడుగుల తీగ. తీగలోంచి వెళ్ళిన తరంగం పైన అయనోస్ఫియర్‌కి తగిలి వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. మధ్యలో సర్వర్ లేదు, డౌన్ అవడానికి.

ఇంత పవర్ కావాలేమో అనుకుంటారు. అక్కడే హైదరాబాద్ అష్హర్ ఫర్హాన్ గారి గురించి చెప్పాలి, వీయూ2ఈఎస్‌ఈ. 2003 ప్రాంతంలో ఆయన బిట్‌ఎక్స్ అనే ట్రాన్స్‌సీవర్ డిజైన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టేశారు. ఆరు వాట్లు. మీ ఫాస్ట్ ఛార్జర్ దీనికి నాలుగైదు రెట్లు తాగుతుంది. దానితో ఖండాలు దాటి మాట్లాడినవాళ్ళున్నారు. అసలు అందం సామానులో ఉంది. కాయిల్స్ చుట్టడానికి విదేశీ ఫెరైట్ రింగులు మన దగ్గర దొరకవు కదా, ఆయన కుళాయి వాషర్ల మీద చుట్టించారు! హార్డ్‌వేర్ షాపులో దొరికే కుళాయి వాషర్. ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, ఆమదాలవలసలో కూడా. తర్వాత అదే డిజైన్ కిట్లుగా మారి హైదరాబాద్ నుంచి ప్రపంచమంతా వెళ్ళింది, వాటి కాయిల్స్ ఇక్కడి ఆడవాళ్ళ బృందం చేత్తో చుట్టింది. హైదరాబాద్‌లో లామకాన్ వెళ్ళి టీ, సమోసా తిన్నవాళ్ళకి ఇంకో ముక్క: లామకాన్ పెట్టినవాళ్ళలో కూడా ఈయన ఉన్నారు. బిట్‌ఎక్స్ గురించి చెబితే మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, "వాషరా? మాకు అప్పుడు తట్టలేదు చూడు" అన్నారు. కొంచెం ఈర్ష్య కూడా వినపడింది.

శ్రీహరికోట కూడా మనదే కాబట్టి ఒక మాట. 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద కార్టోశాట్-1తో పాటు హామ్‌శాట్ అనే 42.5 కిలోల ఉపగ్రహం ఎగిరింది. పూర్తిగా హామ్స్ కోసం. అందులో ఒక ట్రాన్స్‌పాండర్ ఇండియాది, ఇంకోటి ఒక డచ్ విద్యార్థి తయారుచేసింది. 2014 దాకా, తొమ్మిదేళ్ళు పనిచేసింది.

ఇక మీరు అడగబోయేది నాకు తెలుసు. "అన్నా, ఆన్‌లైన్‌లో బావోఫెంగ్ వాకీటాకీ రెండు వేలకి దొరుకుతోంది, కొనేయనా?" లైసెన్స్ లేకుండా దాంట్లో బటన్ నొక్కి మాట్లాడితే చట్టరీత్యా నేరం, ఇప్పటికీ. అవి పోలీసు, విమానాల ఫ్రీక్వెన్సీల పక్కనే పనిచేస్తాయి, ఆటవస్తువులు కావు. లైసెన్స్ తీసుకోవడం మునుపంత కష్టమేం కాదు. 12 ఏళ్ళు నిండితే చాలు. అప్లికేషన్ ఆన్‌లైన్‌లో, సరళ్ సంచార్ పోర్టల్‌లో. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ అక్కర్లేదు, జనరల్ గ్రేడ్‌కి నిమిషానికి 8 మాటలు. ఎనిమిది అక్షరాలు పైన నేర్పేశాను కాబట్టి మిగిలినవి మీరు చూసుకోండి.

అప్పటిదాకా వినాలనుంటే, ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి వెబ్‌ఎస్‌డీఆర్ అని వెతకండి. నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీ వాళ్ళ రిసీవర్ ఉంది, ఎవరైనా ట్యూన్ చేసుకోవచ్చు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర మన అర్ధరాత్రి వేళ తిప్పి చూడండి. వినడానికి ఇప్పుడు పోస్టాఫీసు ముద్ర అక్కర్లేదు.

ఇంకో పని కూడా ఉంది. మాస్టారి వాల్వు ట్రాన్స్‌మిటర్ అటక మీద ఉంది. పాత ఇనుము కొనేవాడు రెండుసార్లు అడిగాడట. ట్రాన్స్‌ఫార్మర్లో రాగి ఉంటుంది కదా, దానికోసం. లాగ్‌బుక్కులు మొత్తం ఏడు, రెండింటికి చెద పట్టింది. మిగిలిన ఐదు నేను ఫోన్‌తో పేజీ పేజీ ఫోటోలు తీస్తున్నాను, మూడోది సగంలో ఉంది. మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటి పాత హామ్ ఎవరైనా ఉంటే, వాళ్ళకి ఇష్టమైతేనే, కార్డులు, లాగ్‌బుక్కులు ఫోటో తీసి నాకు పంపండి. ఇంటి అడ్రసులు కనపడకుండా చూసుకోండి. వచ్చే ఎపిసోడ్ కళింగపట్నం లైట్‌హౌస్ గురించి. ఉంటాను మరి, 73.